సగం గీసిన గడ్డం

కత్తిరించడం నా వృత్తి. ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. అందుకే ఎవరైనా ఒక ముక్క కత్తిరించి చూపిస్తే, చూపించిన ముక్క కన్నా కింద పడిన ముక్కల మీదికే నా కన్ను పోతుంది. మా బావ గురించి టీవీ వాళ్ళు చూపించిన ముక్క తొమ్మిది సెకన్లు. కింద పడినవన్నీ ఏరి ఇక్కడ కుడుతున్నాను. కుట్లు వంకరగా ఉంటే సర్దుకోండి. కోపంలో ఉన్నప్పుడు నా మిషను కూడా మాట వినదు.

మా బావ అంటే మా అక్క మొగుడు. ఆయనది ఒంటి కుర్చీ సెలూన్. దాని పక్కనే నా కుట్టు దుకాణం. రెండింటికీ మధ్య ఒక చెక్క గోడ, ఆ గోడలో అరచెయ్యి పట్టేంత సందు. ఆ సందులోంచి బావ నాకు టీ గ్లాసు అందిస్తాడు, నేను ఆయనకి చిరిగిన తువ్వాళ్ళు కుట్టి అందిస్తాను. అటుపక్క ఎవరు తుమ్మినా ఇటుపక్క నాకు తెలుస్తుంది కాబట్టి నేను చెప్పేదానికి సాక్ష్యం నా చెవులే.

మనిషి మహా మెత్తన. "కొంచెం తల ఇటు తిప్పుతారా అండీ" అని ఎంత మెల్లగా అడుగుతాడంటే, మనిషిని అడుగుతున్నాడో గడ్డాన్ని అడుగుతున్నాడో తెలియదు. ఆలుమగలిద్దరికీ కలిపి దేవుడిచ్చిన గొంతు మొత్తం మా అక్క ఒక్కతే తీసేసుకుంది.

అయితే మెత్తని మనుషులకే మొండి పట్టుదలలు ఎక్కువ. వాళ్ళ నాన్న కుర్చీతో పాటు కొన్ని పద్ధతులు కూడా అప్పగించి పోయాడట. గడ్డం ఎప్పుడూ కుడిచెంప నుంచే మొదలుపెట్టాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఎడమ నుంచి మొదలుపెట్టడం నేను చూడలేదు. మొదలుపెట్టిన మొహాన్ని సగంలో వదలకూడదు, భూకంపం వచ్చినా సరే. ఇక మూడోది, నాకు అస్సలు నచ్చనిది: కుర్చీలో కూర్చున్న మనిషి మాట గానీ సంగతి గానీ గడప దాటకూడదు. వీధిలో ఎవరెవరి పెళ్ళిళ్ళు ఎందుకు చెడిపోయాయో అన్నీ ఆయనకి తెలుసు. పక్కనే కూర్చుని నాకు ఒక్కటీ తెలియదు. కుర్చీలోవాళ్ళు గుసగుసలాడితే సందులోంచి కూడా వినబడదు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

మా వీధి చివర సర్కారు ఆసుపత్రి ఉంది. అందులో మా అక్క ఆయా. ఇరవై రెండేళ్ళుగా ఈ చుట్టుపక్కల పుట్టిన ప్రతి బిడ్డనీ తల్లికన్నా ముందు ఎత్తుకున్నది ఆమే. పోయిన ఏడాది పురపాలక సంఘం వాళ్ళు ఆ ఆసుపత్రిని ఊరి బయటికి తరలించి, ఇక్కడ కార్లు నిలపడానికి నాలుగు అంతస్తుల కట్టడం కడతామన్నారు. అంటే నొప్పులొచ్చిన మనిషి మూడు బస్సులు మారాలి, కార్లు మాత్రం ఇక్కడే హాయిగా నీడపట్టున పడుకోవచ్చు. అక్క ఆ రోజే ఎక్కణ్ణుంచో ఒక చేతి మైకు తెచ్చుకుంది. ఆమె గొంతుకి మైకు దేనికని వీధంతా నవ్వింది గానీ, మర్నాడు నూటయాభై మంది వెనక నడిచారు.

ఉద్యమం సమావేశాలన్నీ బావ సెలూన్‌లోనే జరిగేవి. అక్కడ బెంచీ ఉంది, ఫ్యాను ఉంది, ఎంతసేపు కూర్చున్నా లెమ్మనని యజమాని ఉన్నాడు. ఒకరోజు నేను సందులోంచి అడిగాను.

"బావా, ఇంత గొడవ జరుగుతోంది కదా, నీ అభిప్రాయం ఏంటి?"

"అందరికీ జుట్టు బాగా రాలుతోందమ్మాయ్" అన్నాడు, నిజమైన బాధతో.

ఆ కుర్చీకి ఇంకో వాడుక మనిషి ఉండేవాడు. మేం ఇన్సూరెన్స్ సారు అనేవాళ్ళం. ఇన్సూరెన్స్ పని అని తనే చెప్పుకున్నాడు. ఏడాదిలో ఒక్కరి చేత కూడా పాలసీ కట్టించలేదు, ఒక్కరినీ కట్టమని అడగలేదు కూడా. నున్నగా పాలిష్ పట్టిన నల్ల బూట్లు, నిటారుగా వీపు, జేబులో చిన్న డైరీ. కుర్చీలో కూర్చుంటే ఎదురుగా ఉన్న అద్దంలో వెనక వీధంతా కనబడుతుంది. ఊరేగింపు ఉన్న రోజే అతని గడ్డం పెరిగేది. అతను మఫ్టీలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ అని మా వీధంతటికీ తెలుసు, మాకు తెలుసన్నది తెలియనిది అతనికొక్కడికే.

"వాణ్ణి ఎందుకు రానిస్తావు?" అని అక్క రుసరుసలాడేది.

"గడ్డంతో వచ్చాడు. గడ్డానికి పార్టీ ఉండదు కదా" అనేవాడు బావ.

ఇక అసలు రోజు. సోమవారం పొద్దున పదిన్నర. సారు కుర్చీలో ఉన్నాడు. బావ కుడిచెంప పూర్తి చేసి, కత్తిని తోలుపట్టీ మీద రెండుసార్లు ఆడించి, ఎడమ చెంప మీద నురగ ఇంకోసారి రుద్దుతున్నాడు. బయట ఊరేగింపు సెలూన్ దాటి పోతోంది. సారు ఫోను మోగింది. అవతలి గొంతు చెక్కగోడ దాటి నా దాకా వచ్చింది.

"ఎక్కడ చచ్చావయ్యా? వాళ్ళు మలుపు దాకా పోయారు, నీ జాడే లేదు!"

"ఇక్కడే ఉన్నాను సార్. జనం మధ్యలోనే ఉన్నాను సార్" అన్నాడు సారు. జనం అంటే మా బావ, ఒక అద్దం, ఒక సబ్బుగిన్నె.

అంతే, సారు ఒక్క గెంతు గెంతి బయటపడ్డాడు. మెడకి నేను కుట్టిన తెల్లగుడ్డ, కుడిచెంప అద్దంలా, ఎడమ చెంప మీద బెత్తెడు నురగ. గుమ్మంలో ఒక్క క్షణం అటూ ఇటూ చూసి బస్టాపు వైపు పరుగెత్తాడు. బావ క్షణం నిర్ఘాంతపోయాడు. మొదలుపెట్టిన మొహం సగంలో వెళ్ళిపోతోంది! కుడిచేతిలో కత్తి, ఎడమచేతిలో సబ్బుగిన్నె, రెండూ అలాగే పట్టుకుని వెనకాల పడ్డాడు.

"సార్! సార్! సగమే అయిందండీ!"

ఊరేగింపు తోకలో ఉన్న అక్క వెనక్కి తిరిగి చూసింది. చూసి, మైకులోనే అరిచింది.

"ఏమయ్యా! పడతావు, కత్తి మడిచి పరిగెత్తు!"

ఆ మాట వీధి వీధంతా విన్నది, పగలబడి నవ్వింది. సారు కదులుతున్న బస్సు పట్టుకుని వేలాడి, తెల్లగుడ్డ జెండాలా ఎగురుతుండగా మాయమైపోయాడు. తల వంచుకుని పరిగెత్తాడు కాబట్టి అతనెవరో నాకూ అక్కకీ బావకీ తప్ప ఇంకెవరికీ తెలియలేదు. బావ బస్టాపులో కాసేపు నిలబడి, కత్తి మడిచి, తిరిగొచ్చాడు.

"సగం మొహంతో పోయాడమ్మాయ్" అన్నాడు. ఆ పూటంతా ఎవరో దగ్గరివాళ్ళు పోయినట్టే ఉన్నాడు.

సెలూన్‌కి ఎదురుగా చెప్పుల దుకాణం. దానికో కెమెరా ఉంది. దానికి చూపే తప్ప వినికిడి లేదు. మంగళవారం పొద్దున టీ కొట్టు దగ్గర టీవీలో మా బావని చూశాను. ఢమఢమమని వెనక సంగీతం, కింద ఎర్రని అక్షరాలు: "ఉద్యమం ముసుగులో కత్తి వేట! పాదచారిపై హత్యాయత్నం?" ఆ ప్రశ్నార్థకం ఒక్కటే వాళ్ళకి మిగిలిన సిగ్గు.

తొమ్మిది సెకన్లు. ముందు ఒక మనిషి పరిగెత్తుతున్నాడు. బాధితుడి గౌరవం కోసమట, మొహం మసకేశారు. వెనక మా బావ, చేతిలో తెరిచిన కత్తి. ఆ వెనక జెండాలు, జనం, నవ్వులు. మనవాళ్ళు నవ్వుతున్నది దేనికో వినబడదు కాబట్టి హత్య చూసి నవ్వే రాక్షసుల్లా ఉన్నారు. అక్క నోరు తెరిచి ఏదో అరుస్తోంది. "వేసెయ్యమని రెచ్చగొడుతున్న నాయకురాలు" అన్నాడు వార్తలు చదివేవాడు. ఒక నిపుణుడు కూడా వచ్చి కూర్చున్నాడు. "ఆ కత్తి పట్టుకున్న తీరు చూడండి. బాగా అలవాటైన చెయ్యి" అన్నాడు. నలభై ఏళ్ళ అలవాటు, అందులో మాత్రం అబద్ధం లేదు.

"చొక్కా చించేశారు" అని తెల్లగుడ్డ చుట్టూ ఎర్ర గుండ్రం గీసి చూపించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ గుడ్డ అంచుకి నీలం కుట్టు నేను వేసింది! "అది చొక్కా కాదురా, నా కుట్టు నేను గుర్తుపట్టలేనా!" అని టీవీ మీదికి వెళ్ళాను. టీ కొట్టాయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు.

నాలుగోసారి వేసినప్పుడు నాకు కత్తిరించిన చోటు దొరికింది. మూడు సెకన్ల ముందు మొదలుపెట్టి ఉంటే, ఇద్దరూ గుమ్మంలోంచి కెమెరాకి ఎదురుగా వచ్చేవాళ్ళు. సారు ఎడమ చెంప మీద నురగ కనబడేది, ఎంత మసకేసినా తెలుపు తెలుపే. బావ ఎడమచేతిలో సబ్బుగిన్నె కనబడేది. సబ్బుగిన్నె పట్టుకుని హత్య చెయ్యడానికి ఎవడైనా వెళతాడా? వాళ్ళు ఇద్దరూ బస్టాపు వైపు తిరిగాకే మొదలుపెట్టారు. అప్పుడు కెమెరా వైపు ఉన్నవి గీసేసిన కుడిచెంప, కత్తి ఉన్న కుడిచెయ్యి. కొలిచి మరీ కత్తిరించారు. పనివాడే, కాదనను. చెప్పుల దుకాణానికి పరిగెత్తితే, కెమెరా పెట్టె మొత్తం పురపాలక సంఘం వాళ్ళు పట్టుకుపోయారని చెప్పాడాయన, నా కళ్ళలోకి చూడకుండా.

మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టర్ గారి ముందు నిలబడ్డాం, బావా అక్కా నేనూ. వీధిలోవాళ్ళు ఓ ముప్పై మంది గుమ్మం బయట.

"గడ్డం గీయించుకుంటూ లేచి పారిపోయాడు సార్, అంతే" అంది అక్క.

"మీరు ఉద్యమంలో ఉన్నారు కాబట్టి అంటారు."

"వాళ్ళూ చూశారు కదా!"

"వాళ్ళూ ఉద్యమంలోనే ఉన్నారు" అన్నాడాయన. ఊరేగింపులో జరిగింది చూడాలంటే ఊరేగింపులో ఉండాలి, ఉంటే సాక్ష్యం చెల్లదు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఏంటో ఆ రోజు కళ్ళారా చూశాను.

ఆయన చెడ్డవాడు కాదు. పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తున్నాయి పాపం. "చూడండమ్మా" అన్నాడు. "శనివారం పురపాలక సంఘం సమావేశం. మీ ఉద్యమం తరఫున అయిదుగురి మాట వింటామన్నారు కదా, ఈ వీడియో వచ్చాక చైర్మన్ గారు కత్తులతో వచ్చేవాళ్ళతో మాటల్లేవంటున్నారు. ఆ పరిగెత్తిన మనిషిని తీసుకురండి. నా మీద దాడి జరగలేదని ఒక్క ముక్క చెబితే కేసూ ఉండదు, మీ మాటా వింటారు. లేదంటే శనివారం పొద్దున ఈయన్ని లోపలేస్తాను. మధ్యాహ్నం మీ ఆసుపత్రి సామాను లారీలెక్కుతుంది. నా చేతిలో ఏం లేదు."

తర్వాత బావ వైపు తిరిగాడు. "ఎవరయ్యా అతను?"

నేనూ అక్కా బావ మొహం చూశాం. చెప్పడానికి మూడు మాటలు చాలు: మీ హెడ్డే సార్.

బావ చేతులు కట్టుకున్నాడు. "కుర్చీలో కూర్చున్న మనిషండీ. చెప్పకూడదు" అన్నాడు.

బయటికి రాగానే అక్క విరుచుకుపడింది. "నీకు మతి పోయిందా? వాడు మన మీద నిఘా పెట్టినవాడు! నేను చెప్పేస్తా, ఇప్పుడే లోపలికెళ్ళి చెప్పేస్తా!"

"చెప్పు" అన్నాడు బావ. ఆయన గొంతు అంత గట్టిగా ఉండగలదని నాకు తెలియదు. "రేపట్నించి ఆ సెలూన్ తెరవను. ఏడాదిగా మీ ప్లానులన్నీ ఆ బెంచీ మీదే వేసుకున్నారు. అతను అదే కుర్చీలో కూర్చుని, ఏమనుకుంటున్నారయ్యా వీళ్ళు అని వంద రకాలుగా అడిగాడు. ఒక్క మాట చెప్పానా? మీ మాట అతనికి చెప్పనప్పుడు అతని మాట మాత్రం ఎలా చెప్తాను? డ్యూటీలో గడ్డం గీయించుకున్నాడని తెలిస్తే అతని పని అయిపోతుంది. ఇంకో రెండేళ్ళలో రిటైరు. చెప్పాలంటే అతనే చెప్పాలి."

"చెప్పకపోతే?"

 బావ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అక్క మైకు నా చేతిలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుని, ఆసుపత్రికి డ్యూటీకి వెళ్ళిపోయింది. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలేసింది.

మర్నాటి నుంచి కుర్చీ ఖాళీ. ఇదే అన్నిటికన్నా పెద్ద దెబ్బ. మాతోపాటు నడిచినవాళ్ళు, జరిగింది కళ్ళారా చూసినవాళ్ళు కూడా రాలేదు. టీ కొట్టాయన గడ్డం పెంచితే మొహానికి నిండుదనం వస్తుందని కొత్తగా కనిపెట్టాడు. పోస్టుమాన్‌కి చర్మం మీద ఏదో దద్దురొచ్చింది. చెప్పుల దుకాణాయన రోడ్డు దాటి అటువైపు నడవడం మొదలుపెట్టాడు. వీళ్ళకి నిజం తెలుసు. కానీ ఆ తొమ్మిది సెకన్లూ రోజుకి నలభైసార్లు చూస్తే, కుర్చీలో మెడ ఎత్తే సమయానికి నిజం కాదు గుర్తొచ్చేది, టీవీ. మెడ అంత తొందరగా నమ్మదు.

బావ మాత్రం వేళకి తెరిచేవాడు, వేళకి నీళ్ళు కాచేవాడు. బుధవారం సందులోంచి చూస్తే ఒక బెలూన్ ఊది, కుర్చీ దిండుకి కట్టి, దానికి నురగ పూసి గీస్తున్నాడు. పని నేర్చుకునేవాళ్ళకి చేతివాటం కుదరడానికి అలా చేయిస్తారట.

"పనిలేనివాడు పిల్లి తల గొరిగాడంటారు. నువ్వు బెలూన్ దాకా వచ్చావా బావా?" అన్నాను, నవ్విద్దామని.

"చెయ్యి వణుకుతోందేమో చూసుకుంటున్నానమ్మాయ్" అన్నాడు. ఇంతలో బెలూన్ ఠప్పుమని పేలింది. నలభై ఏళ్ళలో ఆయన చేతిలో తెగిన మొదటి మెడ అదే. పేలిన తునకలు ఏరుకుంటూ చాలాసేపు కిందే కూర్చున్నాడు. నేను ఇంక నవ్వలేకపోయాను.

గురువారం సాయంత్రం ఇన్సూరెన్స్ సారు వచ్చాడు. చంకలో ఫైలు, చేతిలో డైరీ. ఎడమ చెంప మీద మూడు చోట్ల గాట్లు, ఒకచోట కాగితం ముక్క అంటించి ఉంది. తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను మిషను ఆపేసి గోడకి చెవి ఆనించాను.

"ఆ రోజు... ఆ పాదచారి ఎవరో... వాకబు చేస్తున్నాను. మా ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున" అన్నాడు.

విషయం నాకు అర్థమై నోరు నొక్కుకున్నాను. బాధితుణ్ణి వెతికి పట్టుకోమని స్టేషన్‌లో ఎవరికి పురమాయించారో తెలుసా? ఈ మహానుభావుడికే! మూడు రోజులుగా తనని తాను వెతుక్కుంటూ వీధులు తిరుగుతున్నాడు.

బావ ఆ ప్రశ్న విన్నాడో లేదో తెలియదు. సారు ఎడమ చెంప మీదే ఆయన చూపు. "ఎవరు చేశారండీ ఈ ఘోరం?" అన్నాడు.

"నేనే. ఇంట్లో... బ్లేడుతో."

"వెంట్రుకలకి ఎదురుగీత పెట్టారు. మీ చర్మానికి ఎదురుగీత పడదని చెప్పాను కదండీ" అంటూ చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. పటిక రాయి తడిపి, గాట్ల మీద మెల్లగా రుద్దాడు. సారు పళ్ళు బిగపట్టాడు. 

"ఇన్‌స్పెక్టర్ గారు మిమ్మల్ని అడిగారట కదా" అన్నాడు సారు చివరికి.

"అడిగారండీ."

"ఏం చెప్పారు?"

"కుర్చీలో కూర్చున్న మనిషి అని చెప్పాను."

"శనివారం మిమ్మల్ని లోపలేస్తారు. తెలుసా?"

"తెలుసండీ" అన్నాడు బావ. పటిక తుడిచి డబ్బాలో పెట్టాడు. "రెండు రోజులు దాని మీద ఏమీ పెట్టకండి. మాననివ్వండి."

సారు డైరీ తెరిచాడు, మూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో అతను. ఏమీ రాయకుండా వెళ్ళిపోయాడు. నేను సందులోంచి బావని నానా మాటలూ అన్నాను. దొరికినవాణ్ణి పటిక రాసి పంపిస్తావా అన్నాను. ఆయన తువ్వాలు మడత పెట్టుకుంటూ, "బాగా లోతుగా తెగిందమ్మాయ్, పాపం" అన్నాడు.

శనివారం పొద్దున తొమ్మిదికల్లా పోలీసు జీపు వచ్చింది. దాని వెనకే టీవీ వాళ్ళ బండి. ఎవరు కబురంపారో ఊహించుకోవచ్చు. వీధిలో నూటయాభై మందీ కింద కూర్చున్నారు, చేతుల్లో జెండాలు కూడా లేవు. అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నేను ముందురోజే అందరికీ ఒకటే చెప్పాను: ఫోన్లు తియ్యండి, జీపు ఆగిన దగ్గర్నించి చివరిదాకా తియ్యండి, మధ్యలో ఎవరూ ఆపకండి, ఎవరూ కత్తిరించకండి. కత్తిరించే పని నాకు వదిలెయ్యండి, నేను బట్టలకి చేస్తాను.

బావ కత్తి తుడిచి, మడిచి, సొరుగులో పెట్టి, తాళం చెవి అక్కకిచ్చాడు. "నీళ్ళు కాగుతున్నాయి, స్టవ్ కట్టెయ్" అని గుమ్మం దిగాడు. ఇన్‌స్పెక్టర్ ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

అప్పుడు వీధి ఆ చివరి నుంచి యూనిఫాం వేసుకున్న ఒక హెడ్ కానిస్టేబుల్ నడిచొచ్చాడు. బూట్లు చూసి గుర్తుపట్టాను. ఇన్సూరెన్స్ సారు! గురువారం నుంచి గడ్డం ముట్టుకోలేదు. చంకలో ఇస్త్రీ చేసిన తెల్లగుడ్డ మడత, అంచుకి నా నీలం కుట్టు.

"నువ్వేంటయ్యా ఇక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆ పాదచారి దొరికాడా?"

"దొరికాడు సార్."

"ఎక్కడ?"

సారు గుమ్మం వైపు నడిచాడు. అక్క పక్కకి జరిగింది. అతను లోపలికెళ్ళి, టోపీ తీసి అద్దం ముందు పెట్టి, కుర్చీలో కూర్చున్నాడు. "ఇక్కడ సార్" అన్నాడు. "సోమవారం పదిన్నరకి డ్యూటీలో ఉండి గడ్డం గీయించుకుంటున్నాను. మీ ఫోనొస్తే లేచి పరిగెత్తాను. సగంలో వదిలేశానని ఈయన వెనకాల వచ్చాడు. దాడీ లేదు, ఏమీ లేదు. రాసిస్తాను." తర్వాత, "నేను పోలీసునని మీకెవరికీ చెప్పలేదు, క్షమించాలి" అన్నాడు, వీధి వైపు తిరిగి.

నూటయాభై మందిలో ఒక్కరు కూడా "మాకు తెలుసు" అనలేదు. మా వీధికి ఆ మాత్రం మర్యాద ఉంది.

ఇక్కడ ఆగి, తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను. లేకపోతే నేను కూడా ముక్క కత్తిరించినట్టవుతుంది. సారుకి మెమో ఇచ్చి, కూడలిలో ట్రాఫిక్ డ్యూటీకి వేశారు. ఇప్పుడు బాహాటంగా వచ్చి గీయించుకుంటాడు. ఆ మధ్యాహ్నం సంఘం వాళ్ళు అయిదుగురి మాటా విన్నారు. మా అక్క మైకు లేకుండానే గంటసేపు మాట్లాడిందట, కింది అంతస్తు వాళ్ళు కూడా విన్నారట. తరలింపు ఆరు నెలలు వాయిదా వేశారు. రద్దు కాలేదు, వాయిదా. కాబట్టి మేం ఇంకా నడుస్తూనే ఉన్నాం. ఇక టీవీ వాళ్ళు ఆ సాయంత్రం నాలుగు సెకన్లు వేశారు: "పోలీసు గొంతు మీద కత్తి?" అదే ప్రశ్నార్థకం. కానీ ఈసారి ఎనభై ఫోన్లలో పూర్తి వీడియో ఉంది, అందరూ అందరికీ పంపుకున్నారు. సోమవారం సెలూన్ ముందు వరుస కట్టారు. అందరికన్నా ముందు టీ కొట్టాయన, నిండుదనం బాగా దురద పెడుతోందట.

ఇప్పుడు ఆ నాలుగు సెకన్ల ముందు జరిగింది చెబుతాను. ఎనభై ఫోన్లలో ఉన్నా, చూసినవాళ్ళలో చాలామంది గమనించనిది అదే.

ఇన్‌స్పెక్టర్ చెయ్యి బావ భుజం మీద నుంచి జారిపోయింది. బావ లోపలికెళ్ళాడు. సారు చంకలోని గుడ్డ తీసుకుని, దులిపి, మెడకి కట్టాడు. సొరుగు తాళం కోసం చెయ్యి చాపితే అక్క తాళంచెవి ఇచ్చింది. సబ్బుగిన్నెలో బ్రష్షు తిప్పాడు, మొహమంతా నురగ పూశాడు. కత్తి తెరిచి తోలుపట్టీ మీద ఆడించాడు. టీవీ కెమెరా గుమ్మంలోకి వచ్చేసింది. సారు కళ్ళు మూసుకుని గడ్డం పైకెత్తి మెడ అప్పగించాడు.

నేను సందులోంచి బావ చేతినే చూస్తున్నాను. అది వణకడం లేదు. ఆయన కుర్చీకి కుడిపక్కన, నలభై ఏళ్ళుగా నిలబడే చోటే నిలబడ్డాడు. కత్తి కుడిచెంప దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"కుడివైపు ఆ రోజే అయిపోయింది కదండీ" అని గొణుక్కున్నాడు.

కుర్చీ వెనకనుంచి తిరిగి ఆ పక్కకి వెళ్ళాడు. "కొంచెం తల ఇటు తిప్పుతారా అండీ" అని, ఎడమ చెంప నుంచి మొదలుపెట్టాడు.